అనంతపురం ప్లాట్ల గ్రూపుల అడ్మిన్లకు, మధ్యవర్తులకు బహిరంగ లేఖ

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఇళ్ళ స్థలాలు, ఇళ్ళు, పొలాల బేరాలు కుదిర్చే అన్నలకు, అక్కలకు, వాళ్ళందరినీ ఒకచోట చేర్చిన వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల అడ్మిన్లకు నమస్కారం.

ఈ లేఖ రాస్తున్న మాలో దస్తావేజులు రాసేవాళ్ళు ఉన్నారు, గొలుసు పట్టి కొలతలు వేసే సర్వేయర్లు ఉన్నారు, బ్యాంకులకు లీగల్ ఒపీనియన్ ఇచ్చే లాయర్లు ఉన్నారు, మీలాగే మధ్యవర్తిత్వం చేసేవాళ్ళూ ఉన్నారు. మీ గ్రూపుల్లో మేమూ ఉన్నాం. పొద్దున లేచి ఫోన్ చూస్తే చాలు, వరసగా పోస్టర్లు: ‘హైవేకి అతి సమీపంలో’, ‘కొన్ని ప్లాట్లు మాత్రమే మిగిలాయి’, ‘మంచి తరుణం’. ఏ మండలమో ఉండదు, ఏ సర్వే నెంబరో ఉండదు, రోడ్డు ఎన్ని అడుగులో ఉండదు. కింద ఫోన్ నెంబరు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

మేము అడిగేది ఒక్కటే. ఈ గ్రూపుల్లో కొనేవాళ్ళకోసం గాలం వెయ్యడం తగ్గించి, మీ పనికి ఆసరాగా నిలిచే తోటి పనివాళ్ళతో సంబంధాలు కలుపుకోండి. ఎందుకంటే, ఇల్లు కట్టుకుందామని స్థలం కొనే మనిషి బతుకులో ఒకటి రెండు మార్లు కొంటాడు. రిజిస్ట్రేషన్ అయిపోతే మళ్ళీ మీ గడప తొక్కడు. అదే బెంగళూరు యలహంకలో ఉన్న ఏజెంటు దగ్గరికి, రాప్తాడు పక్క తిరిగే సర్వేయరు దగ్గరికి, బ్యాంకు ప్యానెల్‌లో ఉండి ఆస్తికి విలువ కట్టే వాల్యుయరు దగ్గరికి ప్రతి నెలా ఎవరో ఒకరు వచ్చి ‘మా ఊళ్ళో స్థలం చూపించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా’ అని అడుగుతూనే ఉంటారు. అప్పుడు వాళ్ళ నోట వచ్చే పేరు, పోయినసారి చెప్పిన హద్దులు నేల మీద సరిగ్గా తేలినవాడిదే అవుతుంది. పోస్టరు ఎంత రంగురంగులుగా ఉందో వాళ్ళకు పట్టదు.

ఇప్పుడు గ్రూపుల్లో జరుగుతున్నది చూడండి. ఒక రైతు తన ప్లాటు సెంటు 6 లక్షలకు అమ్మిపెట్టమని ఒకరికి చెబుతాడు. ఆయన 25 వేలు కలిపి గ్రూపులో వేస్తాడు. దాన్ని చూసిన ఇంకొకాయన మరో 25 వేలు కలిపి తన నెంబరు పెట్టి ఇంకో గ్రూపులో వేస్తాడు. మూడో ఆయన ఫొటో మాత్రం ఉంచి ‘6 లక్షల 75 వేలు, ఫైనల్’ అంటాడు. బెంగళూరులో కూర్చున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఈ మూడు గ్రూపుల్లోనూ ఉంటాడు. ఒకే వేపచెట్టు, ఒకే విద్యుత్ స్తంభం ఉన్న ఫొటో మూడు రేట్లతో గంటలో కనబడితే ఆయన ముగ్గురినీ వదిలేస్తాడు. అక్కడితో ఆగదు. ఆ రైతు గురించి కూడా ఆయనకు అనుమానం పుడుతుంది. అసలు రేటు చెప్పిన ఆ రైతు ఏ తప్పూ చెయ్యకుండానే మోసగాడిగా మిగులుతాడు. తిలాపాపం తలా పిడికెడు.

దీనికి మందు ఉంది. తోటి మధ్యవర్తి పెట్టిన ప్లాటును మీరు పంచాలంటే ఆయన నెంబరుతో, ఆయన చెప్పిన రేటుతోనే పంచండి. మీ వాటా ఏమిటన్నది ఆయనతో విడిగా మాట్లాడుకోండి. ఆ మాట ఎలా రాసుకోవాలో కింద చెబుతాం.

ముందు పోస్టు సంగతి. తోటి పనివాడికి మీమీద గురి కుదిరేది పోస్టు చదివిన మొదటి అర నిమిషంలోనే. అందులో ఏముండాలో ఒక నమూనా ఇస్తున్నాం. ‘ఫలానా’ అన్నచోట మీ వివరాలు నింపుకోండి. కొత్తవాళ్ళకోసం అందులోని పొట్టి మాటలు: అహుడా అంటే అనంతపురం, హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ. ఎల్‌పీ నెంబరు అంటే లేఅవుట్ ప్లానుకు ఇచ్చిన అనుమతి నెంబరు. రెరా అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ. ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే పత్రం. లింకు డాక్యుమెంట్లు అంటే ఆ ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు.

‘రాప్తాడు మండలం, ఫలానా గ్రామం. సర్వే నెంబరు ఫలానా, సబ్ డివిజన్ 2బి. అహుడా లేఅవుట్, ఎల్‌పీ నెంబరు ఫలానా. రెరా నెంబరు ఫలానా. ప్లాటు నెంబరు 37. తూర్పు ముఖం. తూర్పు 30, పడమర 27, ఉత్తరం 40, దక్షిణం 40 అడుగులు. సుమారు 1,140 చదరపు అడుగులు, 126.7 గజాలు, 2.62 సెంట్లు. ముందు 33 అడుగుల సిమెంటు రోడ్డు. సెంటు 6 లక్షలు, ఓనరు చెప్పిన రేటు, కూర్చుని మాట్లాడితే కొద్దిగా తగ్గుతుంది. ఓనరు నాకు నేరుగా చెప్పారు, మధ్యలో ఎవరూ లేరు. ఈసీ ఈ నెల 5న తీశాను. లింకు డాక్యుమెంట్లు ఉన్నాయి, చూడదలచినవాళ్ళకు ఆఫీసులో చూపిస్తాను.’

నాలుగు వైపుల కొలతలూ ఎందుకంటున్నామో చెప్పాలి. చాలామంది ఈ ప్లాటును ‘30 ఇంటు 40’ అని పెట్టేస్తారు. ముందువైపు 30 ఉంది కాబట్టి అబద్ధం చెప్పినట్టు వాళ్ళకు అనిపించదు. కానీ 30 ఇంటు 40 అంటే 1,200 చదరపు అడుగులు. వెనక 27 అయితే 1,140. తేడా 60 అడుగులు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు కాబట్టి, 6 లక్షల రేటు మీద ఆ 60 అడుగుల విలువ 82 వేల పైమాటే. కొనేవాడు అడ్వాన్సు ఇచ్చాక సర్వేయరు టేపు పట్టినప్పుడు ఈ సంగతి బయటపడితే ఆ బేరం చెడుతుంది, మిమ్మల్ని నమ్మి కొనే పార్టీని పంపిన బెంగళూరు ఏజెంటుతో సంబంధమూ తెగుతుంది.

లెక్క కూడా మూడు రకాలుగా ఇవ్వడం వృథా పని కాదు. మన దగ్గర సెంట్ల మాట, హైదరాబాదు వాళ్ళది గజాల మాట, బెంగళూరు వాళ్ళది ‘థర్టీ ఫార్టీ సైటు’ మాట. సెంటుకు 48.4 గజాలు. ఫోనులో లెక్క కట్టుకోవాల్సిన పని అవతలివాడికి మిగల్చకండి, వాడు తప్పు కడితే ఆ తప్పు మీ ఖాతాలో పడుతుంది.

సర్వే నెంబరు దగ్గర ఇంకో చిక్కు ఉంది. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నెంబరు పోయి ల్యాండ్ పార్సిల్ మ్యాప్ నెంబరు, అంటే ఎల్‌పీఎం నెంబరు వచ్చింది. లింకు డాక్యుమెంట్లలో పాతది ఉంటుంది, కొత్త అడంగల్‌లో, అంటే గ్రామ భూముల రికార్డులో, ఎల్‌పీఎం ఉంటుంది. పోస్టులో రెండూ రాయండి. ఒక్కటే రాస్తే ఈసీ తీసేవాడు సగం లావాదేవీలు చూసి ‘క్లియర్’ అనుకునే ప్రమాదం ఉంది. అలాగే 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లాలు విడిపోయాయి. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం, కదిరి వైపు పాత దస్తావేజుల్లో అనంతపురం జిల్లా అనే ఉంటుంది, ఇప్పుడు అవి శ్రీ సత్యసాయి జిల్లా. ఊరి సంగతి తెలియని బయటి ఏజెంటు ఈ తేడా చూసి బెదిరిపోతాడు, ముందే ఒక ముక్క రాసి పెట్టండి.

ఫొటోలు నాలుగు చాలు. రోడ్డు మీద నిలబడి ప్లాటు కనబడేలా ఒకటి, ప్లాటులో నిలబడి రోడ్డు కనబడేలా ఒకటి, హద్దు రాళ్ళు దగ్గర నుంచి ఒకటి, రోడ్డుకు అడ్డంగా టేపు పట్టి ఒకటి. మామూలుగా తీసిన ఫొటోను వాట్సాప్‌లో పంపితే ఎక్కడ తీశారన్న సమాచారం అందులోంచి పోతుంది. అందుకే తేదీ, అక్షాంశ రేఖాంశాలు ఫొటో మీదే పడే జీపీఎస్ మ్యాప్ కెమెరాతో తీయండి. లొకేషన్ పిన్ను ప్లాటు మధ్యలో నిలబడి పంపండి. లేఅవుట్ గేటు దగ్గర నిలబడి పంపిన పిన్ను చూసుకుని వచ్చినవాళ్ళు వేరే ప్లాటు చూసి వెళ్ళిపోతారు.

ఎఫ్‌ఎంబీ స్కెచ్, అంటే సర్వే నెంబరు హద్దులు, కొలతలు చూపే పటం, పంపాలంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది, అంకెలు మసకబారి 6 కాస్తా 8లా కనబడుతుంది. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో (పాత సర్వే గొలుసు కొలతలో) ఉంటాయన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. 100 లింకులు 66 అడుగులు. లింకులను అడుగులనుకుని రోడ్డు వెడల్పు చెప్పడం మేము మాటిమాటికీ చూసే పొరపాటు.

పోస్టు పెట్టకముందు చూసుకోవాల్సినవి మీకు తెలియనివి కావు, కానీ తెలిసీ వదిలేస్తున్నారు కాబట్టి చెబుతున్నాం. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ 1983 నుంచి దొరుకుతుంది. అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. భూమి రికార్డులుండే మీభూమి వెబ్‌సైటులో అడంగల్, 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు) చూడండి. ఆ సర్వే నెంబరు 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో, ఉందేమో చూడండి. సర్వే నెంబరు మొత్తం జాబితాలో లేకపోయినా, ఒక సబ్ డివిజన్ మాత్రమే ఉండొచ్చు. మన సీమలో డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూములు), చుక్కల భూములు (రికార్డులో ఓనరు పేరు ఉండాల్సినచోట చుక్కలు ఉన్నవి), ఇనాం భూములు (పూర్వం మాన్యంగా ఇచ్చినవి) ఊరూరా ఉన్నాయి. అసైన్డ్ భూముల బదలాయింపును నిషేధించిన చట్టం 1977 నాటిది. దానికి తర్వాత సవరణలు వచ్చిన మాట నిజమే. అయినా మీరు చూపించే ఆ ముక్క 22ఎ నుంచి తొలగిందో లేదో కాగితం మీద చూడకుండా ‘ఇప్పుడు డీకేటీ అమ్ముకోవచ్చంట’ అని గ్రూపులో రాయొద్దు. ‘పంచాయతీ అప్రూవ్డ్’ అన్న మాట కూడా మానుకోండి. లేఅవుట్‌కు పంచాయతీ తనంతట తాను అనుమతి ఇచ్చేయడం కుదరదు. పట్టణాభివృద్ధి సంస్థ గానీ, టౌన్ ప్లానింగ్ శాఖ గానీ సాంకేతికంగా ఆమోదించాలి. ఎల్‌పీ నెంబరు లేకుంటే ‘అప్రూవల్ లేదు’ అని నేరుగా రాయండి. అలా రాసినవాడి దగ్గరికి మేము పార్టీని పంపిస్తాం, ఎందుకంటే వాడు దాచడని తెలిసింది.

అనుమతి ఉన్న లేఅవుట్‌లో కూడా కొన్ని ప్లాట్లు రోడ్లు, కాలువలు పూర్తయ్యేదాకా అనుమతి ఇచ్చిన సంస్థకు తనఖాలో ఉంటాయి. మీరు చూపించే ప్లాటు నెంబరు ఆ తనఖా జాబితాలో ఉందా లేదా అన్నది మంజూరైన ప్లానులోనే కనబడుతుంది. ఆ ప్లాను చూడకుండా బ్రోచరు చూసి పోస్టు పెట్టడం వల్ల జరిగే తగాదాలు ఎక్కువ.

ఇక చట్టం. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టంలో ఏజెంటు అంటే ఎవరో చెప్పేచోట ‘ఏ మాధ్యమం ద్వారానైనా’ కొనేవాళ్ళనూ అమ్మేవాళ్ళనూ పరిచయం చేసే మనిషిని కూడా చేర్చారు. వాట్సాప్ గ్రూపు మాధ్యమం కాదని వాదించడానికి ఏమీ లేదు. ప్రాజెక్టు కిందికి వచ్చే లేఅవుట్ ప్లాట్లను, అపార్ట్‌మెంట్లను కమీషన్ తీసుకుని అమ్మిపెట్టాలంటే ఏజెంటు రెరాలో నమోదు కావాలి. రైతు తన పొలం అమ్ముకోవడం, పాత ఇల్లు చేతులు మారడం వేరే లెక్క. నమోదు లేకుండా చేస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ప్లాటు ఖరీదులో 5 శాతం దాకా జరిమానా ఉంది. ప్రాజెక్టుకు మినహాయింపు ఎంత చిన్నదంటే, 500 చదరపు మీటర్లకు మించని స్థలానికి లేదా 8 యూనిట్లకు మించని కట్టడానికే. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో 12 సెంట్ల పైచిలుకు. అంటే ఊళ్ళో పోస్టర్లు తిరిగే ప్రతి లేఅవుటూ దాదాపు చట్టం కిందికే వస్తుంది.

నమోదు కాని ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వకూడదు. నమోదైన దాని ప్రకటనలో రెరా వెబ్‌సైటు చిరునామా, నమోదు నెంబరు కనబడేలా ఉండాలి. పోస్టరులో నెంబరు కనబడగానే నమ్మకండి. రెరా వెబ్‌సైటులో ఆ నెంబరు కొట్టి ప్రమోటరు పేరు, సర్వే నెంబర్లు, గడువు తేదీ సరిపోయాయో చూడండి. రెండు నిమిషాల పని. మొదటి దశకు వచ్చిన నెంబరును పక్కనే వేసిన రెండో దశ పోస్టరు మీద అచ్చు వేయడం పరిపాటి అయింది. బుకింగ్ పేరుతో ఖరీదులో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంటు రిజిస్టర్ కావాలన్నదీ ఆ చట్టంలోనే ఉంది. ‘సగం కట్టేయండి, రేటు తగ్గిస్తాం’ అన్న పోస్టును ఎవరో పంపారని మీరు ఫార్వర్డ్ చేస్తే, ఆ మాటకు మీ నెంబరు కూడా సాక్ష్యం అవుతుంది.

కాగితాల విషయంలో మాకు నిజంగా భయం వేస్తోంది. నమ్మకం కలిగించాలని రిజిస్టర్డ్ దస్తావేజులు, పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు గ్రూపుల్లో పెడుతున్నారు. దస్తావేజులో ఓనరు వేలిముద్రలు ఉంటాయి, ఆధార్ నెంబరు ఉంటుంది. ఇలాంటి పత్రాల్లోని వేలిముద్రలకు నకలు అచ్చులు తయారుచేసి, ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా ఖాతాల్లోంచి డబ్బు లాగిన కేసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నమోదయ్యాయి. ఓనరు ముసలాయన, ఫోనుకు వచ్చే మెసేజ్ చదవలేడు. మీరు మంచికే పెట్టినా ఆయన పింఛను డబ్బు పోతుంది. గ్రూపులో సర్వే నెంబరు, దస్తావేజు నెంబరు, సంవత్సరం మాత్రం రాయండి. అవతలి లాయరు వాటితో చూసుకోగలడు. ఒకరికి విడిగా పంపాల్సి వస్తే వేలిముద్రల పేజీ తీసేసి పంపండి, ఆధార్ అయితే చివరి 4 అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ పంపండి. ఓనర్లకు ఆధార్ బయోమెట్రిక్ లాక్ వేసుకోవడం నేర్పించండి. ఇంత సాయం చేసిన మధ్యవర్తిని ఏ ఓనరూ మర్చిపోడు.

తెలియని ఏజెంటుకు మొదటిసారి రాసేటప్పుడు చాలామంది ‘హాయ్’ అని పెట్టి, బదులు వచ్చీరాగానే ఇరవై పోస్టర్లు దించేస్తారు. ఆయన నెంబరు బ్లాక్ చేస్తాడు. ఇలా రాసి చూడండి: ‘నమస్తే సార్. అనంతపురంలో రాప్తాడు, బుక్కరాయసముద్రం మండలాల్లో ఇళ్ళ స్థలాల పని చేస్తాను. రెరా ఏజెంటు నెంబరు ఫలానా. మీ దగ్గరికి మా ఊరి వైపు స్థలం కావాలని వచ్చేవాళ్ళు ఉంటే, వాళ్ళు కొనకముందు 22ఎ, ఈసీ, లేఅవుట్ అనుమతి చూసి చెప్పగలను. మా దగ్గర నుంచి బెంగళూరులో ఇల్లు అద్దెకు అడిగేవాళ్ళను మీ దగ్గరికి పంపవచ్చా?’ ముందు మీరు ఇచ్చేది చెప్పారు, తర్వాత అడిగారు. పోస్టరు ఒక్కటీ లేదు. బదులు రాకపోతే పదిహేను రోజులు ఆగి ఒక్కసారి రాయండి, అంతకుమించి వద్దు.

ఈ పరిచయం పండాలంటే ఒక అలవాటు కావాలి. ఫోనులో పేర్లు ‘సర్వేయర్ రాప్తాడు’, ‘వాల్యుయర్ బ్యాంక్ ప్యానెల్’, ‘ఏజెంట్ హెబ్బాళ’ అని ఊరు, పని కలిపి సేవ్ చేసుకోండి. వాట్సాప్ బిజినెస్‌లో లేబుళ్ళు పెట్టుకుంటే ఇంకా సులువు. ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని పెట్టవచ్చు, కానీ మీ నెంబరును సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. ‘పంపినా ఎవరూ పలకరేంటి’ అని బాధపడేవాళ్ళకు అసలు కారణం ఇదే. అందుకని మొదటి పరిచయంలోనే మీ నెంబరు సేవ్ చేసుకోమని అడగండి. ఆ జాబితాకు వారానికి ఒక్క మెసేజ్ చాలు, అదీ అమ్మకం కానిది. మార్కెట్ విలువలు మారబోతున్నాయనో, ఫలానా మండలంలో రీసర్వే రికార్డులు వచ్చాయనో, విదేశంలో రాయించిన పవర్ ఆఫ్ అటార్నీ మన దేశానికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించుకోవాలనో. ఈ చివరిది కువైట్‌లో ఉన్న కడప, రాయచోటి వాళ్ళతో పని పెట్టుకునేవాళ్ళకు బాగా పనికొస్తుంది. గడువు దాటిపోయి, ఓనరు మళ్ళీ ఎంబసీ చుట్టూ తిరగాల్సి రావడం మామూలైపోయింది.

కమీషన్ మాట నోటితో అనుకుంటే తెగని పంచాయితీ అవుతుంది. పార్టీని ఎవరు తెచ్చారన్నదే గొడవ. ప్లాటు చూపించడానికి వెళ్ళేముందు, చూపించాక కాదు, ఒక మెసేజ్ పెట్టుకోండి: ‘అన్నా, ఫలానా లేఅవుట్ 37వ ప్లాటుకు బెంగళూరు పార్టీ, పేరు ఫలానా, నా తరఫున రేపు వస్తున్నారు. కొనేవాళ్ళ వైపు కమీషన్ నాది, అమ్మేవాళ్ళ వైపుది మీది. ఈ పార్టీ 90 రోజుల్లో ఈ లేఅవుట్‌లో ఏ ప్లాటు కొన్నా ఇదే మాట. సరే అయితే సరే అని రాయండి.’ ఆయన ‘సరే’ అని రాస్తే చాలు. ‘ఏ ప్లాటు కొన్నా’ అన్న మాట వదిలేయకండి. 37 చూసి పక్కనే ఉన్న 38 కొన్నప్పుడే కదా మాట మారేది. ఆ చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజ్‌లు (వాటంతటవే చెరిగిపోయేవి) ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. 90 రోజుల సెట్టింగు పెట్టి ఉంటే, రిజిస్ట్రేషన్ నాటికి ఆ మాటే మాయమవుతుంది. మెసేజ్ పంపిన 15 నిమిషాల దాకా దాన్ని మార్చే వీలుందని కూడా తెలుసుకోండి. కోర్టుదాకా పోతే స్క్రీన్‌షాట్ ఒక్కటే నిలబడదు, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువీకరణ పత్రం జత చేయాలి. కాబట్టి ఫోను మారుస్తున్నప్పుడు ఇలాంటి చాట్లను ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి.

లింక్డ్‌ఇన్‌ను మన ఊళ్ళో ఎవరూ పట్టించుకోవడం లేదు, అది పొరపాటు. జాతీయ రహదారి 44 మీద బెంగళూరుకు రోజూ తిరిగే మన పిల్లలు అందులో ఉన్నారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక దాని చుట్టూ వచ్చిన విడిభాగాల కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లు, కొత్తగా చేరేవాళ్ళకు అద్దె ఇళ్ళు వెతికిపెట్టేవాళ్ళు అందులో ఉన్నారు. ప్రొఫైలు పేరు కింద ‘ఫౌండర్, సీఈఓ, ఇన్వెస్ట్‌మెంట్ నిపుణుడు’ అని రాసుకుంటే వాళ్ళు పక్కకు తిప్పేస్తారు. ‘అనంతపురం, రాప్తాడులో ఇళ్ళ స్థలాలు, కంపెనీలకు అద్దె ఇళ్ళు, రెరా నెంబరు ఫలానా’ అని రాయండి. వెతికేవాడు టైపు చేసేది ఊరి పేరే.

ఫేస్‌బుక్‌లో సొంత ప్రొఫైలుకు 5,000 మంది స్నేహితుల దగ్గర హద్దు ఉంది. పని కోసం విడిగా పేజీ పెట్టుకోండి, ఇంటి పెళ్ళి ఫొటోలు, రాజకీయాలు, ప్లాట్లు ఒకే చోట కలపకండి. ఇన్‌స్టాగ్రామ్ రీళ్ళ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. డ్రోన్ షాట్ బాగుంటుంది, హద్దు రాయి దానిలో కనబడదు.

‘రింగు రోడ్డు వస్తోంది’ పోస్టుల మీద ఒక్క మాట. ప్రతిపాదన వేరు, నోటిఫికేషన్ వేరు, భూసేకరణ వేరు, టెండరు వేరు. ఏ దశలో ఉందో, జీవో నెంబరు ఏమిటో రాయగలిగితేనే రాయండి. పైగా రోడ్డు నిజంగా వస్తే ఆ ప్లాటే రోడ్డులో కలిసిపోవచ్చు, ఆ మాట ఎవరూ చెప్పరు.

డబ్బు దగ్గర రెండు జాగ్రత్తలు. ఓనరునంటూ గ్రూపులో చేరి ‘వేరే పార్టీ ఉంది, ఈ గంటలో టోకెన్ వేస్తే మీకే’ అనే మనిషి పేరు ఈసీలో ఉన్న పేరుతో సరిపోయిందా, ఆయన ప్లాటులో నిలబడి వీడియో కాల్ చేయగలడా చూడండి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నెంబరు 1930కి ఫోను చేయండి, మొదటి కొద్ది గంటల్లోనే డబ్బు ఆపగలిగే అవకాశం ఎక్కువ. రెండోది, స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, ఆపైన అడ్వాన్సును నగదుగా తీసుకోకూడదన్నది ఆదాయపు పన్ను చట్టం. మధ్యవర్తి చేతికి నగదు టోకెన్ ఇవ్వమని అడిగే పోస్టులను గ్రూపులో ఉంచకండి.

చివరగా అడ్మిన్లకు. మీ చేతిలో ఉన్న సెట్టింగులు చిన్నవి కావు. గ్రూపులో 1,024 మంది దాకా పట్టినంత మాత్రాన నింపాల్సిన పని లేదు. కొత్తవాళ్ళను అడ్మిన్ అనుమతితోనే చేర్చుకునే సెట్టింగు ఆన్ చేయండి. చేరేవాళ్ళను ఊరు, చేసే పని, రెరా నెంబరు ఉంటే అది, అడిగి చేర్చుకోండి. కమ్యూనిటీ పెట్టి మూడు గ్రూపులు విడదీయండి: ‘అమ్మకానికి’, ‘కావలెను’, ‘సందేహాలు’. మూడింటిలో ‘కావలెను’ గ్రూపు ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే అక్కడ ఒకరి అవసరానికి ఇంకొకరు బదులు చెబుతారు, పరిచయాలు పుట్టేది ఆ బదుళ్ళలోనే. ‘సందేహాలు’లో ఒక దస్తావేజు లేఖరిని, ఒక సర్వేయరును, ఒక లాయరును తప్పక ఉంచండి. రెండు బాణాల గుర్తుతో వచ్చే మెసేజ్, అంటే చాలా చేతులు మారి వచ్చినది, ఎవరు పెట్టినా తీసేయండి. దానికి బాధ్యుడు ఎవరూ ఉండరు. అమ్ముడుపోయిన ప్లాటు పోస్టు కింద ‘అయిపోయింది’ అని పెట్టినవాళ్ళను ఉంచండి, పెట్టనివాళ్ళకు ఒకసారి చెప్పి చూడండి, వినకపోతే తొలగించండి. సర్వే నెంబరు లేని పోస్టు ఉండదన్న ఒక్క నియమం గ్రూపు వివరణలో రాసి, నమూనా పోస్టును 30 రోజులకు పిన్ చేయండి. 30 రోజుల తర్వాత మళ్ళీ పిన్ చేయాల్సి ఉంటుంది, మర్చిపోవద్దు.

పైన ఇచ్చిన మూడు నమూనాలు, అంటే పోస్టుది, మొదటి పలకరింపుది, కమీషన్ మాటది, ఉన్నవి ఉన్నట్టుగా మీ గ్రూపుల్లో వాడుకోవచ్చు. మా పేర్లు అక్కర్లేదు. వాటిలో తప్పు కనబడితే, మీ మండలంలో పద్ధతి వేరుగా ఉంటే, ఆ ‘సందేహాలు’ గ్రూపులోనే రాయండి, దిద్దుకుంటాం.

ఇట్లు,
అనంతపురంలో దస్తావేజులు రాసేవాళ్ళం, కొలతలు వేసేవాళ్ళం, కాగితాలు చూసేవాళ్ళం, బేరాలు కుదిర్చేవాళ్ళం